పది నిమిషాల మిస్త్రీ

మా మిల్లు మిస్త్రీ బాబాయి చెయ్యి పడితే ఎలాంటి బండైనా బాగుపడుతుంది, ఆయన సొంత బండి తప్ప. ఊళ్లో తిరిగేటప్పుడు అది కూడా బుద్ధిగానే ఉంటుంది. నలుగురితో కలిసి ప్రయాణం పెట్టుకుంటేనే దానికి జబ్బులన్నీ గుర్తొస్తాయి. హాయిగా నడుస్తూ నడుస్తూ ఓ దగ్గు దగ్గి ఆగిపోతుంది. బాబాయి దిగి, రేన్‌కోటు టోపీ వెనక్కి తోసి, దాని పక్కన గొంతుక్కూర్చుని ఎప్పుడూ ఒకే మాట అంటాడు: "చిన్న రిపేరే. పది నిమిషాలు."

పది నిమిషాలంటే పది నిమిషాలే. తొమ్మిదిలో అయిపోదు, పదకొండో నిమిషం పట్టదు. అందుకే ఆయన్ని పది నిమిషాల మిస్త్రీ అంటాం. మొహం మీదే అంటాం. ఆయనకి కోపం రాదు. కోపం అనే భాగాన్ని ఎప్పుడో విప్పి పక్కన పెట్టి, మళ్లీ బిగించడం మరిచిపోయిన మనిషి.

మిల్లులోనూ ఇదే వరస. నేను నూలు వడికే సెక్షన్లో పనిచేస్తాను. పన్నెండేళ్ల కిందట ఓ మూడు నెలల పాటు నా మెషిను రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఆగిపోయేది. బాబాయి వచ్చి మూత విప్పేవాడు. పది నిమిషాలు. మర్నాడు మళ్లీ రెండున్నర, మళ్లీ మూత. కార్మిక సంఘంలో అప్పుడే చేరాను, ఆవేశం పాలు ఎక్కువ. "ఈ మిస్త్రీకి పని రాదు. ఒకే మెషినుని రోజూ బాగుచేసి రోజూ చెడగొడుతున్నాడు" అని అర్జీ రాసి సూపర్వైజరు చేతిలో పెట్టాను. ఆయనకి మెమో ఇచ్చారు. ఆ మెమో జేబులో పెట్టుకుని బాబాయి నా దగ్గరికొచ్చాడు.

"బాగా రాశావమ్మాయ్. దస్తూరి ముత్యాల్లా ఉంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక ప్రయాణం సంగతి. ఏడాదికోసారి, వానాకాలంలో, యంత్రాలు విప్పి శుభ్రం చెయ్యడానికి మిల్లు మూడు రోజులు మూస్తారు. ఆ పని బయటి కంపెనీ వాళ్లది కనక మిస్త్రీ బాబాయితో సహా అందరికీ సెలవే. కానీ జీతం ఉండేది కాదు. యంత్రానికి విశ్రాంతి కావాలని అడక్కుండానే ఒప్పుకున్న యాజమాన్యం, దాన్ని నడిపే మనిషికీ కావాలని ఒప్పుకోవడానికి మాకు రెండేళ్ల గొడవ, పంతొమ్మిది రోజుల సమ్మె పట్టాయి. అంత కష్టపడి గెలిచిన సెలవుని ఇంట్లో బట్టలుతుక్కుంటూ పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. బండ్లేసుకుని కొండల మీదికి పోదాం అన్నాను. వానలో కొండలేమిటని అడిగేవాళ్లకి మా జవాబొకటే: ఎండాకాలం సెలవు ఇంకా గెలవలేదు.

ప్రయాణానికి ఒక్కటే నియమం, అదీ నేను పెట్టిందే. ఒకరు ఆగితే అందరూ ఆగాలి.

ఈసారి ఐదు బండ్లు. అందరికన్నా ముందు టైంకీపరు గారు. మేం మిల్లు గేటు దగ్గరికి ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చామో రాసుకోవడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్లు అదే రాసి రాసి, సెలవు రోజున కూడా గడియారం కనపడకపోతే ఆయనకి ఆయాసం వస్తుంది. ప్రయాణానికి టైంటేబులు వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్రోలు ట్యాంకు మీద అంటించుకున్నారు. ఆయన వెనక ఎలక్ట్రీషియన్. కరెంటు పోయినా ఆ నోరు ఆగదు. తరవాత నేను. నా వెనక క్యాంటీన్ అక్క. అక్క బండి నేర్చుకుని రెండు నెలలు.

"కొత్తవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు! నా టైంటేబులు చింపి పారెయ్యమనండి" అన్నారు టైంకీపరు గారు.

"రెండొందల మందికి టైముకి భోజనం పెడుతోంది ఆ ఆడమనిషేనండీ. ఒక్కరోజైనా మీరు ఆలస్యంగా తిన్నారా?" అన్నాను నేను.

అక్క రోషం అక్కది. "నా కోసం ఒక్క నిమిషం ఆగితే ఒట్టు" అంది.

అందరి వెనకా మిస్త్రీ బాబాయి. చెడిపోయే బండి చివర్న ఉంటే దారికి అడ్డం రాదని ఆయన వాదన. వచ్చే నెలాఖరుకి ఆయన రిటైరు. ఒంటరి మనిషి, మిల్లు క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడో గది చూసుకున్నాడు. "మిల్లు పోతే పోయింది, ఏటా మీతో ఈ మూడు రోజులు ఉన్నాయిగా" అని మాతో పదిసార్లైనా అనుంటాడు.

బయల్దేరిన గంటకి వాన అందుకుంది. అందుకున్న అయిదు నిమిషాలకి వెనక నుంచి పొడుగ్గా హారను. బాబాయి బండి ఆగింది, ఓ బస్సు షెల్టరు ముందు. "చిన్న రిపేరే." ఇంకో ముప్పావుగంటకి మళ్లీ హారను. ఈసారి మూసేసిన పెట్రోలు బంకు రేకుల కింద. మూడోసారి టైర్ల కొట్టు పంచన.

"బాబాయ్, నీ బండికి కళ్లున్నాయి. చోటు చూసుకుని మరీ చెడుతోంది" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"తడిస్తే దానికి పడదురా."

"మరి తడవకుండా ఇంట్లో పడుకోబెట్టి రాకపోయావా?"

కొండ మొదట్లో టీ కొట్టు దగ్గర ఆగేసరికి పదిన్నర. టైంటేబులు ప్రకారం ఆ వేళకి మేం సగం కొండ ఎక్కి ఉండాలి. టైంకీపరు గారు కళ్లద్దాలు తియ్యకుండానే వేలితో తుడుచుకుని టీ గ్లాసుని బల్ల మీద సుత్తిలా పెట్టారు.

"ముప్పై నిమిషాలు! ఒక్క మనిషి వల్ల! మిల్లులో అయితే ఏం చేసేవాణ్నో తెలుసా?"

"మాకు తెలీదా? సగం పూట జీతం కోసేవారు" అన్నాడు ఎలక్ట్రీషియన్.

సిగ్గుతో చెబుతున్నాను, తీర్మానం పెట్టింది మాత్రం నేను. అప్పటికి నాకూ విసుగొచ్చింది. "బాబాయ్, బండ్లు మార్చుకుందాం. నా బండి నువ్వు నడుపు, నీది నేను తోలతాను. ఇక మీదట ఎవరు నడిపే బండి చెడి అందర్నీ ఆపుతుందో, వచ్చే ఏడాది నుంచి వాళ్లు రాకూడదు. సరేనా?" అన్నాను. పేరు చెప్పలేదు గానీ, ఎవరి గురించో అందరికీ తెలుసు. చేతులెత్తారు. అక్క చెయ్యి సగమే లేచింది, రెండో చెయ్యి వేడి టీ గ్లాసుని వదల్లేదు.

బాబాయి టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి, తన బండి తాళం నా చేతికిచ్చాడు.

"సరేనమ్మాయ్. దాని క్లచ్చు కొంచెం బిగువు. అంతే, మంచిదే" అన్నాడు.

చెడిపోయే బండి చివర్నే ఉండాలి కనక ఈసారి నేను చివర్న పడ్డాను. నా ముందు బాబాయి, ఆయన ముందు అక్క. ఘాటు రోడ్డు. ఒకపక్క కొండ మీంచి నీళ్లు పాయలుగా దూకుతున్నాయి, ఇంకోపక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. ఆ రోడ్డు మీద బాబాయి బండి ఎట్లా నడిచిందనుకున్నారు? ఒక్క దగ్గు లేదు, ఒక్క తుమ్ము లేదు. ఎనిమిది మలుపులు ఎక్కాక నాకు అనుమానమొచ్చింది. పదో మలుపుకి సిగ్గేసింది.

ఎందుకంటే చివరి చోటు నుంచి అన్నీ కనపడతాయి. ముందున్నప్పుడు నాకు కనపడింది రోడ్డే. ఇప్పుడు మనుషులు కనపడుతున్నారు. అక్క భుజాలు చెవుల దాకా బిగుసుకుపోయి ఉన్నాయి. ప్రతి మలుపు దగ్గరా రెండు కాళ్లూ కింద ఆనిస్తోంది. కాస్త తిన్నటి దారి రాగానే చేతిని విదిలించుకుంటోంది. బ్రేకు పట్టుకోవాల్సిన వేళ్లు చలికి కొంకర్లు పోయి వంగడం లేదు. పైనుంచి ఓ లారీ వచ్చింది. అక్క గోడకేసి ఒరిగి, ఎట్లాగో నిలదొక్కుకుంది. ఒట్టు పెట్టుకుంది కదా, ఆగమని మాత్రం అనదు.

అప్పుడు చూశాను. బాబాయి ఎడమ చెయ్యి హ్యాండిలు వదిలి ట్యాంకు కిందికి వెళ్లింది. పెట్రోలు ట్యాపుని తిప్పి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పైకొచ్చింది. గొట్టంలో మిగిలిన పెట్రోలుతో బండి ఇంకో రెండు మలుపులు తిరిగింది. సరిగ్గా రోడ్డు పనివాళ్ల రేకుల షెడ్డు ముందుకొచ్చి దగ్గింది. ఆగింది. పొడుగ్గా హారను.

"చిన్న రిపేరే" అన్నాడు, నా బండి పక్కన గొంతుక్కూర్చుని. "పది నిమిషాలు. చెల్లెమ్మా, ఓ సాయం చెయ్యి. ఇంజను దగ్గర చేతులు పెట్టి వేడి తగ్గుతోందో లేదో చూస్తూ ఉండు. ఆనించకు, కాలుతుంది."

"నాకేం తెలుసన్నా బండి సంగతి?"

"పొయ్యి సంగతి తెలుసుగా. అదీ ఇదీ ఒకటే."

అక్క ఎంతో బాధ్యతగా రెండు చేతులూ వేడి ఇంజను దగ్గర పెట్టుకుని కూచుంది. "ఇంకా వేడిగానే ఉందన్నా" అంటోంది. వేళ్లు మెల్లగా విచ్చుకుంటున్నాయి.

ముందు నుంచి టైంకీపరు గారు నడిచొచ్చారు. "అయిపోయింది మిస్త్రీ. బండి మార్చినా నీ బుద్ధి మారలేదు. ఒప్పందం గుర్తుందిగా?"

"గుర్తుందండీ" అన్నాడు బాబాయి తలెత్తకుండా. "నా ప్లగ్గు స్పానరు మీలో ఎవరైనా ఉంచుకోండి. వచ్చే ఏడు పనికొస్తుంది."

నేను ఆయన పక్కన కూచున్నాను. ఆయన ప్లగ్గు ఊదుతున్నాడు. పోయిన వారం నా బండికి ఆయనే బిగించిన కొత్త ప్లగ్గది.

"బాబాయ్" అన్నాను గొంతు తగ్గించి. "అప్పట్లో రోజూ రెండున్నరకి నా మెషిను..."

"అది బెల్టమ్మా."

"మూడు నెలలూ బెల్టేనా?"

"పాత బెల్టు."

"మా పాపకి అప్పుడు రెండో నెల. రాత్రుళ్లు నిద్రుండేది కాదు. నువ్వు మూత విప్పినప్పుడల్లా బాబిన్ల పెట్టె మీద వాలి కునుకు తీసేదాన్ని."

"అట్లాగా?" అన్నాడు. "నేను చూళ్లేదే." ప్లగ్గుని ఇంకోసారి ఊదాడు.

మా మిల్లులో యంత్రానికి ఒంట్లో బాలేకపోతే పది నిమిషాలు ఆపడానికి అనుమతి ఉంది, మనిషికి లేదు. ఈయన ఉపన్యాసాలివ్వలేదు, అర్జీలు రాయలేదు. మనుషుల జబ్బులన్నీ యంత్రాల పేర రాసేశాడు. నేను ఆయన మీద అర్జీ రాశాను. దస్తూరి బాగుందట!

లేచి అందరికీ చెప్పేద్దామనుకున్నాను. కానీ చెబితే అక్క ఏమవుతుంది? "చూశారా, నేను ముందే అన్నాను" అని టైంకీపరు గారు వచ్చే పదేళ్లు అంటారు. నోరు మూసుకుని బండెక్కాను. నాలుగు మలుపులు పోనిచ్చి, నా ఎడమ చేతిని ట్యాంకు కిందికి పంపాను.

హారను కొట్టాను. బాబాయి పరిగెత్తుకొచ్చాడు. తన బండి కదా, కంగారు. వంగి చూశాడు. ట్యాపు చూశాడు. నా మొహం చూశాడు.

"ఏమైందమ్మాయ్?"

"ఏమో బాబాయ్. బెల్టనుకుంటా."

"దీనికి బెల్టుండదే, గొలుసు" అన్నాడు. తరవాత మాత్రం, "చిన్న రిపేరే. పది నిమిషాలు" అన్నాడు.

టైంకీపరు గారు వచ్చి ఇద్దరి పేర్లూ టైంటేబులు వెనకాల రాసుకున్నారు. ఎలక్ట్రీషియన్ నన్ను, ట్యాపుని, అక్క చేతుల్ని వరసగా చూశాడు. వాగుడుకాయే గానీ తెలివితక్కువవాడు కాడు. మరి కాసేపటికి తన బండి లైటు ఎందుకో మిణుకుమంటోందని ఆపేశాడు. "ఎలక్ట్రీషియన్ని పట్టుకుని లైటు పాడైందంటావేంట్రా?" అన్నారు టైంకీపరు గారు. "మిస్త్రీ బండి చెడగా లేంది, నా లైటుకేమండీ" అన్నాడు వాడు.

ఇక మిగిలింది అక్క. ఈపాటికి చేతులు వెచ్చబడి, మలుపుల్లో కాళ్లు దించడం మానేసింది. తల నిటారుగా పెట్టి నడుపుతోంది. అలాంటిది, కొండ మీదికి ఇంకా మూడు మలుపులున్నాయనగా తనే హారను నొక్కింది.

"నా బండి ఏదో చప్పుడు చేస్తోంది" అంది గట్టిగా.

"ఏం చప్పుడు?" అన్నారు టైంకీపరు గారు చిరాగ్గా, వెనక్కి నడిచొచ్చి.

"ఏదో చప్పుడండీ. ఓ పది నిమిషాలు పడుతుంది. ఇదిగో, పొడిబట్ట. ఈలోగా ఆ కళ్లద్దాలు తుడుచుకోండి. ఇందాకటి మలుపులో గోడ ఎటుందో మీకు కనపడలేదు."

టైంకీపరు గారు కళ్లద్దాలు తీశారు. అవి లేని మొహం మేమెప్పుడూ చూడలేదు, చిన్నపిల్లాడి మొహంలా ఉంది. గంటన్నరగా ఆయన తెల్లగీత ఆధారంతో, ఊహ మీద మమ్మల్ని నడిపిస్తున్నారు. తుడుద్దామంటే ఒంటి మీద పొడిగుడ్డ లేదు, ఆగి ఎవర్నైనా అడిగితే టైంటేబులు తప్పుతుంది. చాలాసేపు తుడుచుకున్నారు. గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇప్పుడు లెక్క తేల్చండి సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఒప్పందం ప్రకారం వచ్చే ఏడాది మీరొక్కరే వెళ్లాలి. ముందూ మీరే, చివరా మీరే."

టైంకీపరు గారు టైంటేబుల్ని కవర్లోంచి తీసి నాలుగు మడతలు పెట్టారు. దాన్ని అక్క బండి సీటు మీది తడి తుడవడానికి వాడారు.

ఏడాది తిరిగింది. బాబాయి రిటైరై పది నెలలు దాటింది. మిల్లు గేటు దగ్గరికి అందరికన్నా ముందొచ్చి, బండి తుడుస్తూ నిలబడ్డాడు. టైంకీపరు గారు కొత్త టైంటేబులు పంచారు. అందులో ఆరు చోట్ల, ఒకే దస్తూరితో, ఇట్లా ఉంది: "బండి చెడుట, పది నిమిషాలు." ఎవరి బండి అన్నది రాయలేదు. మొదటిది బస్సు షెల్టరు ఎదురుగా పడేట్టు ఉంది.

బాబాయి కాగితాన్ని దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివాడు. ఆయన మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లలో ఆయనకి కోపం రావడం అదే మొదటిసారి.

"ఆరుసార్లా? ఏమండీ, నా పనితనం మీద మీకు ఆమాత్రం నమ్మకం లేదా? పోయిన వారమే బండంతా విప్పి బిగించాను!"

"నీ బండని ఎవరన్నారు మిస్త్రీ?" అన్నారు టైంకీపరు గారు కళ్లద్దాలు సర్దుకుంటూ. "నడువు, టైమవుతోంది."

బస్సు షెల్టరు దాకా బాబాయి బండి పంతం పట్టినట్టు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. టైంకీపరు గారిది దగ్గింది.