చేతులకు వేరే బ్యాటరీ

మా వదిన పోయింది. అన్నయ్య ఫోన్ చేసేటప్పటికి నేను గుంటూరు కూరగాయల మార్కెట్లో ఉన్నాను. "అమ్మాయ్, మీ వదిన ఇక లేదు. కాఫీ కలిపి తీసుకెళ్లాను, అప్పటికే..." అని ఆగిపోయాడు. ఫోన్ పెట్టేయడం కూడా మర్చిపోయాడు. బెండకాయల బుట్ట అక్కడే వదిలేసి బస్సెక్కాను.

మార్టూరు నుంచి లోపలికి వెళ్తే మా ఊరు. చర్చి నిండిపోయింది. పాస్టరుగారు బాగానే మాట్లాడారు. హైస్కూల్లో సైన్సు టీచరుగా ఎంత మందికి చదువు చెప్పిందో, సండే స్కూలు పిల్లలకు ఎన్ని పాటలు నేర్పిందో చెప్పారు. విమానాల మాట మాత్రం ఎత్తలేదు. చావు దగ్గర బొమ్మల ఊసెందుకని అనుకున్నారేమో. నాకు ఒళ్లు మండింది. ఏడుస్తూ కూడా కోపం తెచ్చుకోగల మనిషిని నేను. ఈ సంగతి మీదే వదిన నన్ను ఆటపట్టించేది. చర్చిలో ఎవరూ అనని ఆ మాట ఇక్కడ నేను చెప్పుకుంటాను.

మా వదిన రిమోటుతో ఎగిరే విమానాలు చేసేది. పిల్లలకు పాఠం చెప్పడానికి థర్మోకోల్ ముక్కతో మొదలుపెట్టింది. పాఠం అయిపోయింది గానీ పిచ్చి వదల్లేదు. రిటైరయ్యేసరికి మంచమంత రెక్కలున్న విమానం ఒకటి వాళ్ల నడవాలో వేలాడుతుండేది. ఆదివారం ఆరాధన కాగానే అన్నయ్య దాన్ని భుజాన పెట్టుకుని, పత్తి కట్టె పీకేసిన చేలోకి ఆమె వెనకాల నడిచేవాడు. గ్రానైటు పాలిష్ యూనిట్లో అంతమంది మీద కేకలేసే మనిషి, అక్కడ మాత్రం నోరెత్తేవాడు కాదు.

ఒకసారి నేను విమానం పొట్టలోకి తొంగి చూసి, "ఇందులో రెండు బ్యాటరీలెందుకు వదినా, బరువు కాదూ?" అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తాకించింది. "ఇది రిసీవరు. నా రిమోటు చెప్పింది వినేది ఇదే. ఇదుగో, ఈ బొటనవేలంత మోటార్లు సర్వోలు. తోకనీ రెక్క అంచుల్నీ తిప్పేది ఇవే. అది చెవి, ఇవి చేతులు. పెద్ద బ్యాటరీ ముందున్న పంకాకి. చిన్నది చెవికీ చేతులకీ. పంకా ఆగిపోయినా గాలి మీద తేలుతూ దింపుకోవచ్చమ్మా. చేతులు పడిపోయాయా, ఇక మనం చూస్తూ నిలబడటమే" అంది.

ఆ పాఠం ఆమెకు తేలిగ్గా రాలేదు. మా వైపు మిరపకాయలు కల్లాల్లో ఆరబోస్తారు. ఎండ ముదిరేకొద్దీ ఆ ఎర్రటి పరుపు మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. గద్దలు రెక్కలాడించకుండా అక్కడే తిరుగుతుంటాయి. వదిన కూడా పంకా ఆపేసి విమానాన్ని ఆ గాలిలోకే తోలేది. ఒకరోజు అది ఎంతకీ దిగలేదు. "చూశారా, పెద్ద బ్యాటరీ అసలు ఖర్చే కాలేదు!" అని అన్నయ్యతో మురిసిపోయింది. కానీ గాలిని పట్టుకుని తిరగడానికి సర్వోలు అంతసేపూ పనిచేస్తూనే ఉన్నాయి. చిన్న బ్యాటరీ అయిపోయింది. వదిన రిమోటు మీదున్న పుల్లలాంటి మీటను ఎటు తిప్పినా తోక తిరగలేదు. కింద కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల మీదుగా వెళ్లి, వాళ్లకి అవతల పత్తి చేలో కూలింది.

వాళ్లలో ఒకామె విరిగిన రెక్క పట్టుకొచ్చి గట్టిగానే కడిగేసింది. "ఏందమ్మా టీచరుగారూ, అది మా నెత్తిన పడితే ఏంగానూ?"

"నా తప్పేనమ్మా. పంకా మీద కన్నేసి చేతుల్ని మర్చిపోయాను" అని వదిన చేతులు జోడించింది. ఆ పూట ముద్ద మింగలేదు. అప్పట్నుంచి ఎప్పుడూ కల్లాల మీదికి తోలలేదు, పక్కన ఖాళీ చేల మీదే తిప్పుకునేది. చిన్న బ్యాటరీకి మీటరు పెట్టి చూడందే విమానాన్ని నేల మీంచి లేవనిచ్చేదీ కాదు.

ఆ తరవాత ఆమె చేతులకే వణుకు వచ్చింది. నరాల జబ్బన్నారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ గుండె ఎలా ఉంది, బీపీ ఎంతుంది అని అడిగేవాళ్లు. అవన్నీ బాగానే ఉన్నాయి. కప్పు పట్టుకుంటే మాత్రం కాఫీ చీర మీద ఒలికిపోయేది. విమానం ఎగరేస్తే ఇంకో చిత్రం. ఆమె వేళ్ల వణుకు రిమోటులోంచి వెళ్లి తోక దాకా చేరేది. అంత ఎత్తున, నీలాకాశంలో, మా వదిన జబ్బు కనపడేది. నేను తలెత్తి చూడలేకపోయేదాన్ని.

"ఇటియ్యి, నేను దింపుతాను" అనేవాడు అన్నయ్య. ఇచ్చేసేది. మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, తన విమానాన్ని వేరేవాళ్లు దింపుతుంటే చూసేది. ఒకనాడు నాతో అంది, "ఒక్కసారి నా అంతట నేను దింపాలమ్మాయ్. ఆ తరవాత వద్దంటే మానేస్తాను."

అడ్డం వచ్చింది బ్యాటరీయే. వణుకుతో సర్వోలు ఊరికే కొట్టుకుంటూ ఉండటం వల్ల చిన్న బ్యాటరీ త్వరగా తరిగిపోతోంది. మీటరు చూసి ఆమే నవ్వింది. "నా చేతులకి ఆకలెక్కువైంది." ఇంకో చిన్న బ్యాటరీ పెడదామంటే బరువు. రెండు రోజులు ఆలోచించి, అన్నయ్యను స్క్రూడ్రైవర్ తెమ్మంది. పంకా, దాని మోటారు, పెద్ద బ్యాటరీ, అన్నీ ఊడదీయించింది. ఆ ఖాళీ అయిన ముక్కులో చేతుల బ్యాటరీలు రెండు పెట్టించింది.

"మరి లేచేదెట్లా?" అన్నాడు అన్నయ్య.

"మీరు లాగండి."

లాగాడు. సన్నటి నైలాన్ దారం విమానం పొట్ట కింద కొక్కేనికి తగిలించి, గాలిపటం లేపినట్టు, ఆ నల్లరేగడి గడ్డల మీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు. నేను రెక్క పట్టుకుని వదిలాను. విమానం లేచింది, దారం ఊడింది. వదిన కుర్చీలో కూర్చుని ఉంది. పైన తోక వణుకుతూనే ఉంది గానీ మలుపు తిప్పినప్పుడు తిరిగింది, మళ్లీ తిప్పితే మళ్లీ తిరిగింది. అన్నయ్య రొప్పుతూ వచ్చి పక్కన నిలబడ్డాడు. రిమోటు కోసం చెయ్యి చాపబోయి, వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. నేను ప్రార్థన చేసుకుంటున్నాను, నిజం చెప్తున్నా, ఒక బొమ్మ కోసం.

దింపింది. ఒకసారి గడ్డ తగిలి ఎగిరింది, రెండోసారి పొట్ట ఆనించి ఆగింది. రిమోటు వదిన ఒళ్లో ఉంది, వేళ్లు పుల్లల మీదే ఉన్నాయి, కళ్లు మూసుకుంది. బుగ్గల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

నేనూ అన్నయ్యా విమానం దగ్గరికి నడిచాం. దుమ్ము సర్దుకుంది. రెక్కలు నేలకి అంటుకుని కదలకుండా ఉన్నాయి. తోక ఒక్కటే, అక్కడ కుర్చీలో ఉన్న వదిన వేళ్లతో పాటు, సన్నగా వణుకుతోంది. స్విచ్ ఆపడానికి నేను వంగాను.

"ఆపమాకు" అన్నాడు అన్నయ్య, ఆ మట్టిలోనే దాని పక్కన కూలబడుతూ. "బ్యాటరీ ఇంకా ఉంది."

పొద్దు వాలేదాకా ఆ తోకను చూస్తూ అక్కడే కూర్చున్నాడు.