సుగుణ టీచర్ సంచిలో రాజ్యాంగం

మొన్న దమ్మపేట సంతలో ఎండిన ఇప్పపువ్వు వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వొచ్చింది. ఆ తీపి, పులిసిన వాసనతో పాటే సుగుణ టీచర్ గుర్తుకొస్తారు. ఆమె ఇప్పుడు లేరు. ఉంటే, నడిబజార్లో ఒక్కదాన్నే నవ్వుతున్నందుకు నాలుగు తిట్టేవారు.

నా మొదటి ఉద్యోగం అడవి అంచున ఒక కోయగూడెం బడిలో. బడంటే ఒక గది, ఒక వరండా, ఇరవై ఇద్దరు పిల్లలు, మేమిద్దరం టీచర్లం. సుగుణ టీచర్ పెద్ద టీచరు, బొగ్గుగని కార్మికుడి కూతురు. పైనుంచి కేకేస్తే గని అడుగున ఉన్నవాళ్లు కూడా పలికేంత గొంతు. ఆమె సంచిలో టిఫిన్ డబ్బా పక్కనే రాజ్యాంగం, విద్యాహక్కు చట్టం ఉండేవి. రెండింటికీ పచ్చడి మరకలే. చదువు ఢిల్లీలో విధానంగా పుట్టి, హైదరాబాదులో ఉత్తర్వుగా మారి మన దాకా వస్తుందని నేను పరీక్షకు బట్టీపట్టాను. మా గూడెంలో మాత్రం అది ఆ సంచిలోంచే వచ్చేది.

ఇప్పపూల కాలంలో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోతారు. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. పశువులు తినకముందే రాలిన పువ్వు ఏరుకోవాలి. జోగి అనే పిల్ల వారం రోజులు రాకపోయేసరికి వాళ్ల నాన్న ముత్తయ్య దగ్గరికి వెళ్లాం. టీచర్ పుస్తకం తీసి, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు పిల్లల హక్కని, చదివించడం తల్లిదండ్రుల విధి అని చదివి వినిపించారు. ముత్తయ్య శ్రద్ధగా విన్నాడు.

"తోలకపోతే జుర్మానా ఎంత, టీచరమ్మా?"

"జుర్మానా లేదు."

"జైలా?"

"అది గూడ లేదు."

"మరి గింత పెద్ద పుస్తకం ఎందుకు రాసిన్రు?"

టీచర్ పుస్తకం మూసి సంచిలో వేసుకుని లేచారు. దారిపొడవునా గొణుక్కున్నారు. మర్నాటి నుంచి తెల్లారేసరికి హాజరు పట్టీ పట్టుకుని చెట్ల కిందికే బయలుదేరారు. పిల్లలు పువ్వు ఏరుతూనే ఎక్కాలు అప్పజెప్పాలి. పని అయ్యాక అందరినీ వరుసగా బడికి నడిపించుకొచ్చేవారు.

సరిగ్గా అప్పుడే మా బడికి గండం వచ్చింది. వాగు అవతల పెద్ద బడి ఉంది, దూరం కిలోమీటరు లోపే, కాబట్టి మా బడిని అందులో కలిపేయవచ్చని కాగితం తయారైంది. కలిపితే వానాకాలమంతా మా పిల్లలు ఇంట్లోనే. జోగి లాంటివాళ్లు ఆ తర్వాత బడి ముఖం చూడరు. తనిఖీకి అధికారి పొద్దున ఎనిమిదింటికే దిగాడు. బడిలో నేనొక్కదాన్నే ఉన్నాను. పిల్లలేరని అడిగితే అడవిలో ఉన్నారన్నాను. టీచరో అంటే ఆమె కూడా అక్కడే అన్నాను. ఆయన ఫారంలో సున్నా చుట్టాడు.

ఏడుపు ఆపుకుంటూ ఆయన్ను అడవికి తీసుకెళ్లాను. టీచర్ చెట్ల నడుమ నిలబడి పేర్లు పిలుస్తున్నారు. ఒక్కో చెట్టు కింద నుంచి "ఉన్న టీచర్" అని ఒక్కో గొంతు పలుకుతోంది. ఇరవై ఇద్దరూ పలికారు. అధికారి సున్నా కొట్టేసి, వాగు చూద్దామన్నాడు. వేసవి వాగు, చుక్క నీరు లేదు. ఈ ఇసుక దాటడానికి పిల్లలకేం కష్టమని అడిగాడు, తన బూట్లలో ఇసుక దులుపుకుంటూ.

టీచర్ ఆయన్ను ఒడ్డున మద్దిచెట్టు కింద నిలబెట్టి పైకి చూడమన్నారు. ఆయన తలకు రెండు మూరల పైన, కొమ్మల్లో, పోయిన వానాకాలం వరద వదిలేసిన గడ్డీ చెత్తా వేలాడుతోంది.

"గంత ఎత్తున పారింది సార్. మా జోగి మీ నడుముదాంక గూడ రాదు. తోవల ప్రమాదముంటే బడి పిల్లలకు దగ్గర్నే ఉండాలని రూల్సుల ఉన్నది. సదవాల్నా?"

చదవమన్నాడు పాపం. మెడ పైకెత్తుకునే అంతా విన్నాడు. తన ఫారంలో వాగుకు గడి లేదన్నాడు. టీచర్ ఫారం తిరగేసి, వెనక బోలెడు జాగా చూపించారు. ఆయన అక్కడే రాసి సంతకం పెట్టాడు.

బడి నిలిచింది. ఆ కబురు చెప్పగానే ముత్తయ్య నిట్టూర్చి, "అయితే తోలక తప్పదన్నట్టు" అన్నాడు. ఆ మధ్యాహ్నం టీచర్ వరండాలో కూర్చుని డబ్బా తెరిచి, ముద్ద ముట్టకుండా ఏడ్చారు. ఆ అధికారి వినకపోయుంటే పుస్తకం పట్టుకుని ఏం చేసేదాన్నని అడిగారు. అంత గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడవగలదని నాకప్పుడే తెలిసింది.

ఇప్పుడు నేనూ విద్యాశాఖలో అధికారినే, బడులు కలిపే అలాంటి కాగితాలు నా బల్ల మీదికే వస్తున్నాయి. దూరం అన్నచోట అంకె చక్కగా నింపి ఉంటుంది. ఏ నెలలో నడిచి కొలిచారని అడుగుతాను. తెచ్చినవాళ్లు నా వంక జాలిగా చూస్తారు. చూడనిచ్చి, వానలు పడ్డాక మళ్లీ కొలుచుకు రమ్మంటాను.