అన్న చెట్లు, నా గోలీ

రఘునాథపల్లి చుట్టుపక్కల నా అంత చకచకా తాటిచెట్టెక్కి కల్లు గీసేవాడు లేడు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, మిగతావాళ్లు ఒప్పుకోరు. యాభై దాటాక కూడా పూటకు పదిహేను చెట్లు ఎక్కి దిగేవాణ్ని. అలాంటి నన్ను పట్టుకొని జనగామ దవాఖానలో డాక్టరమ్మ రోజూ ఒక గోలీ మింగమంది.

తప్పు ఆమెది కాదు, నా భార్యది. మా అన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆయన చెట్లు పదీ నా మీద పడ్డాయి. అదొక బరువని నేను అనుకోలేదు. అన్నదమ్ములది ఒకటే రక్తం కదా అని నా భార్య మాత్రం నన్ను పరీక్షలకు లాక్కుపోయింది. షుగర్ ఉంది, కొలెస్ట్రాల్ ఎక్కువుంది అన్నారు. ఈ గోలీ కొలెస్ట్రాల్‌కు.

"నాకు ఏ నొప్పి లేదు మేడం" అన్నాను.

"నొప్పి రాకముందే ఇస్తున్నం. గుండెపోటుగాని, మీ అన్నకొచ్చినట్టు పక్షవాతంగాని వచ్చే ముప్పును తగ్గిస్తది. మీ అంతట మీరు ఆపొద్దు" అందామె.

దారి పొడుగునా నేను గొణుగుతుంటే నా భార్య ఒకటే అడిగింది. "ఎన్నడు పడలేదని మోకు లేకుండ చెట్టెక్కుతవా?"

నడుముకు మోకు తాడు బిగించకుండా చెట్టు ముట్టనివాణ్ని నేను. గోలీ మింగడం మొదలుపెట్టాను.

రెండు వారాలకు తొడలు పట్టేశాయి. ఒక పొద్దున సగం చెట్టు మీద కాళ్లు వణికాయి, మానును కరుచుకొని ఉండిపోయాను. నిజంగా భయమేసింది. కాళ్లు పోతే మాకు ఇంకేం మిగులుతుంది? ఆ గోలీతో ఒళ్లు నొప్పులొస్తాయని ఎవరో అన్నారు. అంతే, నేరం రుజువైపోయింది. మర్నాటి నుంచి నా భార్య ఇచ్చిన గోలీని బుగ్గన పెట్టుకొని, తాటివనంలో ఉమ్మేసేవాణ్ని. మనవలున్న వయసులో దొంగ వేషాలు.

నెల గడిచినా నొప్పి వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అన్న రోజూ కర్ర ఊతంతో వనానికొచ్చి, నేను దించిన కల్లు లొట్లను ఎడమ చేత్తో సర్దేవాడు. ఒకనాడు నేను ఉమ్మడం చూసి ఏందని అడిగాడు. అన్నకు అబద్ధం చెప్పలేక అంతా చెప్పాను. ఆయన మాట ముద్దముద్దగా వస్తుంది, ఆగి వినాలి.

"గోలీ మింగుడు, నా చెట్లెక్కుడు ఒక్క వారంలనే షురూ చేసినవ్ తమ్మీ. గోలీ ఆపినా నొప్పి ఆగలె. ఇగ మిగిలింది నా చెట్లే గద. ఎవరికన్న ఇచ్చెయ్."

నాకు కోపమొచ్చింది. "నువ్వు మంచిగయి ఎక్కుతవనే గద నేను గీస్తున్న."

"నేను ఎక్కను" అన్నాడు అన్న. "నువ్వు గిట్ల కాకు."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మర్నాడే జనగామ పోయి డాక్టరమ్మ ముందు ఒప్పుకున్నాను. ఆమె తిట్టాల్సినంత తిట్టి, రక్తపరీక్ష చేయించి, కండరాలకు ఏ హానీ లేదని చెప్పి, మళ్లీ మింగమంది. నొప్పొస్తే ముందు తనకు చెప్పమంది. గోలీ మింగుతూనే ఉన్నాను, అన్న చెట్లను వేరేవాడికి ఇచ్చేసిన కొద్ది వారాలకే తొడలు తేలికపడ్డాయి. నా పదిహేనూ ఎప్పటిలాగే ఎక్కుతున్నాను.

ఇప్పుడు గోలీ అన్న ఎదుటే మింగుతాను. ఆయన చెట్లను వేరేవాడు గీస్తుంటే మాత్రం ఇద్దరం అటువైపు చూడం.