బాపు ఛాతీ మీద వాము నూనె

మనిషిని మండించాలంటే అగ్గిపెట్టె అక్కర్లేదు. బీఎస్సీ రెండో సంవత్సరం చదివే కొడుకు ఇంట్లో ఉంటే చాలు. ఆ ఘనకార్యం నేను పట్టపగలు, నలుగురు చూస్తుండగా, మా బాపు మీదే చేశాను. చెప్పుకోవాలంటే సిగ్గే. కానీ ఇన్నేళ్లు దాచిపెట్టడం ఇంకా సిగ్గుగా ఉంది కాబట్టి వినండి.

ఎనభైల నడిమి మాట. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గోదావరి పక్కన కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. ఆ ఏడు దగ్గు పట్టుకుని బాపు రెండు నెలలు డ్యూటీకి పోలేదు. దగ్గు తగ్గింది గానీ, మళ్లీ బాయిలోకి దిగాలంటే దవాఖానలో డాక్టరు పరీక్ష చేసి 'ఫిట్' అని రాయాలి. 'అన్‌ఫిట్' అని రాస్తే డ్యూటీ పోతుంది, దాని వెంట క్వార్టరు పోతుంది, కరీంనగర్‌లో నా చదువూ పోతుంది. బాపు రోజూ పొద్దున వాకిట్లో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గు వస్తుందా రాదా అని తనకు తానే చూసుకునేవాడు. సెలవులకు ఇంటికొచ్చిన నాకు అది చూస్తే ముద్ద దిగేది కాదు.

మా అవ్వ, అంటే అమ్మ, పుట్టిల్లు ఇచ్చోడ దగ్గర. అక్కడి నుంచి ఆమె వెంట ఒక విద్య వచ్చింది. వాముపువ్వు, పుదీనాపువ్వు (పేరుకే పువ్వులు, చూడ్డానికి ఉప్పు పలుకుల్లా ఉంటాయి), కర్పూరం, ఈ మూడింటినీ ఒక సీసాలో వేసి మూత పెడితే చుక్క నీళ్లు పోయకుండానే కరిగి నూనె అవుతాయి. మాకు అది వాము నూనె. ఛాతీ పట్టేసినా, ఒళ్లు నొప్పులు పెట్టినా మా లైనులో వాళ్లంతా ఆ సీసా కోసమే వచ్చేవాళ్లు. అయితే అవ్వ దాన్ని ఎవరికీ ఉన్నదున్నట్టు రాయలేదు. చిన్న గిన్నెడు కొబ్బరినూనెలో రెండంటే రెండు చుక్కలు. అదీ ముందు మోచేతి లోపల కొంచెం రుద్ది, పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు ఆగి చూడాలి. ఎర్రబడకపోతే అప్పుడు ఛాతీకి. కళ్ల దగ్గరికి రానివ్వదు, నోట్లోకి పోనివ్వదు, చంటిపిల్లలకైతే అసలు ఇవ్వదు. ఈ తతంగమంతా చూసి నేను లోలోపల నవ్వుకునేవాణ్ని. రెండు చుక్కలకే ఇంత గుణముంటే సగం సీసాకు ఎంత ఉండాలి, మీరే చెప్పండి! చెప్పొద్దులెండి, తర్వాత తెలిసింది.

పరీక్షకు పోయే రోజు పొద్దున బాపుకు రెండుసార్లు దగ్గొచ్చింది. ఆ రెండిటికే మా ముగ్గురి ముఖాలూ వాడిపోయాయి.

"ఫికర్ జేయకుండ్రి. నల్లా వచ్చింది, రెండు బిందెలు పట్టుకొచ్చి నూనె రాస్త. రాజేశం, నేనొచ్చేదాక సీస ముట్టకు" అని అవ్వ బయటికి పోయింది.

ముట్టకు అనేసరికి నా చదువుకు రోషమొచ్చింది.

"బాపూ, అంగి ఇడువు."

"మీ అవ్వను రానియ్యిరా."

"అవ్వకేమెరుక బాపూ? కొబ్బరినూనెల కలిపితే దాని బలమంత పోతది. గాఢత అంటరు దీన్ని. మా కాలేజీల చెప్పిండ్రు."

"గాఢతంటే?"

"గట్టిగ పనిజేసుడు."

బాపు నా ముఖంలోకి ఒకసారి చూశాడు. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. కాలేజీ అన్న మాటకు ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. మెల్లగా అంగి విప్పి నా ముందు కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ కూర్చోవడం గుర్తొస్తే నాకు నవ్వు ఆగిపోతుంది.

సీసా వంచి ఛాతీకి, వీపుకు దండిగా పట్టించాను.

"ఎట్లున్నది బాపూ?"

"సల్లగున్నదిరా. మంచిగున్నది."

విన్నారు కదా, సల్లగున్నదట! నిమిషం పాటు నన్ను మించిన శాస్త్రవేత్త ఆ జిల్లాలో లేడు.

"రాజేశం, జర ఎచ్చగైతున్నదిరా."

"పనిజేస్తున్నది బాపూ!"

"పనిజేసుడు గాదురా, కాలుతున్నది! ఓరి నీ సదువు పాడుగాను, అగ్గి వెట్టినవురా!"

బాపు ఎగిరి వాకిట్లో పడ్డాడు. నేను చెంబెడు నీళ్లు గుమ్మరించాను. నూనె నీళ్లలో కరగదని కాలేజీలో చెప్పిన రోజు నేను పోలేదేమో! మంట నడుము దాకా పాకింది. బాపు తువ్వాలతో ఒళ్లు తుడుచుకుని, పరేషాన్‌లో అదే తువ్వాలతో కళ్లూ తుడుచుకున్నాడు. ఇక చూడండి! దవాఖానకు తోడు వద్దామని వచ్చిన పక్కింటి ఓదెలు మామ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏమైంది బావా? తేలు గుట్టిందా?"

"తేలు గాదు బావా, కొడుకు!"

అవ్వ బిందెలతో వచ్చింది. నీళ్లతో బాపు కళ్లు బాగా కడిగింది. పొడిబట్టతో ఒళ్లు తుడిచి, గుప్పెళ్లకొద్దీ కొబ్బరినూనె పట్టించి మళ్లీ తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడిగింది. మంట సగానికి దిగింది. ఛాతీ మాత్రం పండుమిరపకాయలా ఉంది. అప్పుడు నా దిక్కు తిరిగింది.

"ఆగుడు అన్న ముచ్చట మీ సదువుల లేనేలేదా బిడ్డా?"

మా పుస్తకాల్లో నిజంగానే లేదు. ఎంత కలపాలో ఉంది, ఎంతసేపు ఓపిక పట్టాలో లేదు.

దవాఖానకు బాపును చేయి పట్టుకుని నడిపించాను. వరుసలో ముందున్నవాళ్లు ఆ వాసనకు తామే జరిగి దారిచ్చారు. బాపు లోపలికి పోయాడు. నేనూ ఓదెలు మామా పరదా సందులోంచి చూస్తున్నాం. డాక్టరు ఛాతీ మీద వేళ్లు పెట్టి తట్టాడు. బాపు "అబ్బో!" అని దవాఖాన దద్దరిల్లేట్టు అరిచాడు. వీపు తట్టాడు. ఇంకో అరుపు. డాక్టరు ఆలోచనలో పడి, కళ్లద్దాలు తీసి అవే వేళ్లతో కళ్లు నలుపుకున్నాడు. ఇంకేముంది, బొటబొటా నీళ్లు!

"అయ్యో రాజేశం, డాక్టరే ఏడుస్తుండురా!" అన్నాడు ఓదెలు మామ.

ఆ మాట వరుస చివరిదాకా పాకింది. ఒక పెద్దమనిషి చావు కబురు విన్నట్టు తలకు చుట్టిన రుమాలు తీసేశాడు. రెండు నెలలు ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన మనిషిని నా చేతులతో నేనే ముంచానని ఏడుస్తూ లోపలికి ఉరికాను.

"సారూ, మా బాపుకు ఏ రోగం లేదు. తప్పంత నాదే సారూ!"

డాక్టరు కళ్లు కడుక్కుని వచ్చి, స్టెతస్కోపుతో బాపు ఊపిరి విని, ఆ తర్వాత కథంతా విన్నాడు.

"ఏం చదువుతున్నావు?"

"బీఎస్సీ సార్. కెమిస్ట్రీ."

"ఎంత రాశావు?"

"సగం సీస."

"మీ అమ్మ ఎలా రాస్తుంది?"

చెప్పాను.

"ఆమె పద్ధతి తప్పకండి. అదైనా పైపై ఉపశమనమే. దగ్గు మళ్లీ వస్తే ఇక్కడికే రావాలి" అని, ఛాతీకి వేరే మందు రాసి, కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఇంత అరుపు అరిచాడు, ఒక్క దగ్గు లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. చర్మం మానేందుకు వారం ఆగి డ్యూటీకి పొమ్మను. మీ బాపు ఫిట్."

సంతకం పెట్టి, ఎర్రటి కళ్లతో నన్ను ఎగాదిగా చూశాడు.

"అన్‌ఫిట్ నువ్వు. రాయడానికి ఇందులో గడి లేదు."

బయటికొచ్చాక ఛాతీకేమైందని వరుసలోవాళ్లు అడిగితే బాపు "ఏదో మందు పడలే" అన్నాడు. నా పేరెత్తలేదు. ఆయన తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ని.

అందుకని పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నన్ను నమ్మి అంగి విప్పిన మనిషి మీద నా తెలివిని ఈ జన్మలో మళ్లీ ప్రయోగించను. మరీ ఉండబట్టకపోతే మా బావమరిది ఉన్నాడు. వాడు నన్ను మొదటి నుంచీ నమ్మడు.