గుహలోకి మా ఆయన, పొయ్యి దగ్గర నేను

ఆ మంగళవారం ఉదయం కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే కాయ రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది. చెయ్యి తడిగా ఉందేమోనని కొంగుకు తుడుచుకున్నాను. మూడోసారీ జారింది. వేళ్ల చివర్లు మొద్దుబారినట్టున్నాయి. లేచి నిలబడితే పాదాలకు మేజోళ్లు తొడుక్కున్నట్టు అనిపించింది. నేను మేజోళ్లు వేసుకోను.

తిరువూరులో బస్టాండుకు కాస్త అవతల మా కర్రీ పాయింట్. పదకొండేళ్లుగా వంట నాదే. రోజుకు తొమ్మిది కూరలు, పప్పు, సాంబారు. మా ఆయన దానియేలు హైస్కూల్లో హిందీ మాస్టారు. మా అమ్మాయి కెజియా కంప్యూటర్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తుంది. కొట్లో నాకు సాయం నాగమణి. ఆ రోజు నా నడక ముందుగా గమనించింది ఆమే.

"అక్కా, అట్టా నడుస్తున్నావేంటి? కాలికేమన్నా తగిలిందా?"

"ఏం లేదు, తిమ్మిరెక్కింది" అన్నాను.

అంతకు పది రోజుల ముందు నాకు విరేచనాలై తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. బుధవారం దగ్గర్లో ఒకాయన దగ్గర బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేయించుకున్నాను. "నరాల బలహీనతమ్మా, రెండ్రోజుల్లో సర్దుకుంటది" అన్నాడు. గురువారానికి తిమ్మిరి మోకాళ్ల దాకా వచ్చింది. శుక్రవారం ఆటో ఎక్కబోతే కాలు లేవలేదు. మా ఆయన చంకల కింద చేతులు వేసి ఎక్కించాడు.

ఆ ఆటోలో ఊళ్లోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె చిన్న సుత్తితో నా మోకాలి చిప్ప కింద కొట్టింది. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. సుత్తి బల్ల మీద పెట్టి మా ఆయన వైపు తిరిగింది.

"మాస్టారూ, ఇంటికి వెళ్లకండి. బట్టలు తర్వాత తెప్పించుకోవచ్చు. ఇటునుంచి ఇటే విజయవాడ వెళ్లండి. న్యూరాలజిస్ట్, వెంటిలేటర్ రెండూ ఉన్న ఆసుపత్రి చూసుకోండి."

"వెంటిలేటర్ ఎందుకండి? మనిషి బాగానే మాట్లాడుతోందిగా."

"మాట్లాడుతున్నారు కాబట్టే ఇప్పుడే వెళ్లమంటున్నాను."

విజయవాడలో వెన్నులో సూది పెట్టి నీరు తీశారు. దాన్ని లంబార్ పంక్చర్ అన్నారు. చేతులకూ కాళ్లకూ కరెంటు షాకులిచ్చి నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. సాయంత్రానికి న్యూరాలజిస్ట్ వచ్చి జబ్బు పేరు చెప్పాడు, గులియన్ బారీ సిండ్రోమ్. జీబీఎస్ అంటే చాలన్నాడు.

"మొన్న విరేచనాలయ్యాయన్నారు కదా. ఆ క్రిమి మీద పోరాడాల్సిన మీ ఇమ్యూనిటీ పొరపాటున మీ నరాల మీద పడింది. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగు ఊడిపోతే ఎలా ఉంటుంది, అలాగన్నమాట. తగ్గుతుంది. కానీ తగ్గే ముందు ఇంకొంచెం పెరుగుతుంది."

ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు సెలైన్‌లా ఎక్కించారు. ఐసీయూలో డ్యూటీ డాక్టరు కొన్ని గంటలకోసారి వచ్చి, "గట్టిగా గాలి పీల్చి, ఒకే ఊపిరిలో అంకెలు చెప్పండమ్మా" అనేది. మొదటిరోజు ఇరవై నాలుగు దాకా చెప్పాను. మర్నాడు పొద్దున పదిహేను. మధ్యాహ్నం తొమ్మిది దగ్గర ఆగిపోయాను. ఆమె బయటికి వెళ్లి మా ఆయన సంతకం తీసుకొచ్చింది. తర్వాత గొంతులో ట్యూబు వేశారు.

వెంటిలేటర్ మీద తొమ్మిది రోజులున్నాను. మత్తు తగ్గించినప్పుడు అన్నీ వినపడేవి, అన్నీ తెలిసేవి. కదిలేవి కనుగుడ్లు మాత్రమే. ముఖంలో నరాలు కూడా పడిపోవడంతో రెప్పలు పూర్తిగా మూతపడేవి కావు, నర్సు టేపు అంటించేది. పైకి చూస్తే అవును, పక్కకి చూస్తే కాదు అని కెజియా గుర్తు పెట్టింది. ఒకరోజు మా ఆయన మంచం పక్కన ప్రార్థన చేసుకుని, "కొట్టు గురించి బెంగ పెట్టుకోకు" అన్నాడు. నేను పక్కకి చూశాను. ఆయనకు అర్థం కాలేదు. కొట్టు నాకు గుర్తే రాలేదని చెప్పాలనుకున్నాను.

ఏడో వారంలో డిశ్చార్జ్ చేశారు. వీల్‌చెయిర్‌లో ఇంటికొచ్చాను. ఊపిరి, మాట బాగానే ఉన్నాయి. చేతులు భుజాల ఎత్తుకు లేచేవి కానీ వేళ్లలో పట్టు లేదు. పాదాలు నిలిచేవి కావు. ముఖం ఎటువైపూ కదిలేది కాదు. నవ్వినా ఏడ్చినా ఒకేలా ఉండేది. అరికాళ్లలో మంటకు ప్రీగాబాలిన్ మాత్రలు రాశారు.

వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్ట్ రమ్య వచ్చేది. స్పాంజి బంతి ఇచ్చి పిసకమంది, గింజలు ఏరి గిన్నెలో వేయమంది. ఆమె ఉన్నంతసేపూ చేసేదాన్ని. వెళ్లాక బంతి ఒళ్లోనే ఉండేది. నేను గోడ వైపు చూస్తూ ఉండేదాన్ని. ఎందుకు చేయడం లేదని ఎవరైనా అడిగితే అలసటగా ఉందనేదాన్ని. అది కొంతవరకే నిజం. పదకొండేళ్లు పది కిలోల గిన్నెలు దించిన చేతులతో గింజలు ఏరుతూ కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది.

కెజియా పని అయ్యాక టీవీకి తగిలించి వీడియో గేమ్ ఆడుకునేది. నా వీల్‌చెయిర్ అక్కడే ఉండేది కాబట్టి నేనూ చూసేదాన్ని. ఒక చిన్న ఊరు. ఊరి చివర ఒక గుహ. దాని అడుగున గదుల కింద గదులు. పగలు అందులోకి దిగాలి. కాళ్లున్న పుట్టగొడుగులు, తోపుడుబండంత పీత, నిప్పులు ఉమ్మే మిరప మొక్క ఎదురొస్తాయి. పెనంతో కొడితే అవి టప్పుమని మాయమై, ఆ చోట కూరగాయలో మాంసమో మిగులుతుంది. సంచిలో వేసుకుని పైకి రావాలి. దెబ్బలు ఎక్కువ తగిలితే చచ్చిపోవడమేమీ ఉండదు, సగం సంచి పోయి ఇంట్లో మంచం మీద నిద్ర లేస్తాం. సాయంత్రం ఆ సరుకుతోనే హోటలు నడపాలి. నాలుగు బల్లలు. వచ్చినవాళ్లకు విసుగు పుట్టకముందే వండి వడ్డించాలి. వెనకాల మెల్లగా సంగీతం వస్తుంటుంది. ఎవరూ అరవరు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "నూనె కాగకుండానే ఉల్లిపాయలేశావు."

"ఇది గేమ్ మమ్మీ. ఎలా వేసినా ఒకటే."

"ఆ మూల బల్ల ఆయన ఇందాకట్నుంచి కూర్చున్నాడు. ముందు ఆయనకి పెట్టు. పీత పులుసు ఆలస్యమవుద్ది, ఈలోపు ఆ అమ్మాయికి సూప్ ఇవ్వు."

కెజియా నేను చెప్పినట్టే చేసింది. ఆ సాయంత్రం ఎవరూ విసుక్కోకుండా తిని వెళ్లారు. అప్పటికి రమ్య వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఆంటీ, మీరేం చేసేవారు?" అని అడిగింది. మూడు వారాలుగా వస్తోంది, ఆ మాట అడగడం అదే మొదలు. మేమూ చెప్పలేదు.

"కర్రీ పాయింట్. వంట" అన్నాను.

ఆమె బంతి పక్కన పెట్టింది. నా రెండు మోచేతుల కింద దిళ్లు పెట్టి, కెజియా చేతిలోని కంట్రోలర్ తీసి నా చేతుల్లో ఉంచింది. జారిపోకుండా దానికి మెత్తటి గుడ్డ చుట్టింది. బొటనవేలి కింద చిన్న పుల్లలాంటిది ఉంటుంది. దాన్ని గుండ్రంగా తిప్పితే తెరమీద గరిటె తిరుగుతుంది. నా బొటనవేలు సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. కూర మాడింది.

"పది నిమిషాలే. పదకొండో నిమిషం వద్దు" అంది రమ్య.

ఆ ఆటను ఇద్దరు కలిసి ఆడొచ్చు. కెజియాకు మీటింగులున్నప్పుడు మా ఆయన కూర్చోవడం మొదలుపెట్టాడు. గుహలోకి ఆయన, పొయ్యి దగ్గర నేను. జీవితంలో గ్యాస్ వెలిగించని మనిషి. వీడియో గేమ్ అయితే చూసి కూడా ఎరగడు. మొదటి గదిలోనే పుట్టగొడుగులు చుట్టుముట్టి తన్నేవి. ఆయన పెనం పట్టుకుని గోడవైపు తిరిగి ఊపేవాడు.

"ఏవండీ, అవి వెనకున్నాయి."

"ఏ వెనక? నా వెనకా, దాని వెనకా?"

అంతలోనే పడిపోయి సగం సంచి పోగొట్టుకుని మంచం మీద లేచేవాడు. "మళ్లీ లేచావా" అని తన బొమ్మను తనే పలకరించేవాడు. ఒకరోజు అలా అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కెజియా లాప్‌టాప్ మీంచి తల ఎత్తి, "మమ్మీ, ఇంకోసారి నవ్వు" అంది.

"ఎందుకే?"

"ఎడమ బుగ్గ కదిలింది."

ఫోన్ కెమెరా తెరిచి నా ముందు పెట్టింది. పెదవి ఎడమ కొస కొంచెం పైకి లేస్తోంది. ముగ్గురం చాలాసేపు దాన్నే చూశాం. మర్నాడు స్కూలుకు వెళ్లే ముందు మా ఆయన మళ్లీ చూపించమని అడిగాడు.

రెండు నెలలకు గరిటె పూర్తి చుట్టు తిప్పగలిగాను. చూపుడువేలితో వెనక మీట నొక్కగలిగాను. ఆ ధైర్యంతో తప్పు చేశాను. ఒక ఆదివారం కంట్రోలర్ దగ్గర పెట్టించుకుని, అందరూ చర్చికి వెళ్లాక ఒక్కదాన్నే మూడు గంటలు ఆడాను. బాగా జరిగింది. పది బల్లల హోటలయింది. సోమవారం పొద్దున చేతులు లేవలేదు. కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయాను. మధ్యాహ్నానికి కాళ్లు కూడా బరువెక్కాయి.

జబ్బు తిరగబెట్టిందనుకున్నాం. కారులో విజయవాడ వెళుతున్నంతసేపూ మనసులో ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఇరవై దాటుతున్నా ఆపలేదు.

న్యూరాలజిస్ట్ పరీక్షలన్నీ చేసి, "రీలాప్స్ కాదు" అన్నాడు. "నిన్నేం చేశారు?"

నేను చెప్పలేదు. కెజియా చెప్పింది. ఆయన నవ్వలేదు.

"మీ నరాల తొడుగు ఇంకా తయారవుతోంది. చేయగలుగుతున్నారని చేసుకుంటూ పోతే ఇలాగే పడిపోతారు. ఈ జబ్బులో అలసట బలహీనత కంటే ఎక్కువ కాలం ఉంటుంది. రెండు వారాలు పూర్తి విశ్రాంతి."

కెజియా కంట్రోలర్ బీరువాలో పెట్టింది. ఆ రెండు వారాలూ నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బయటికి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా ఇది రాస్తున్నాను. నాకు ఆట లేదని కోపం కాదు. ఆ మూడు గంటలూ నేను రోగినన్న సంగతి మరిచిపోయాను. దానికి ఇంత శిక్షా అని కోపం.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు రమ్య ఫోన్‌లో అలారం పెట్టింది. పదిహేను నిమిషాలు ఆట, అరగంట విశ్రాంతి. ఆ విశ్రాంతిలో ఒకసారి మా ఆయన కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

"శాంతా, కొట్లో కూడా ఇంతేనా? ఒకటి పొయ్యి మీద ఉండగానే ఇంకోటి తరగడం, మధ్యలో వచ్చినవాళ్లకి కట్టివ్వడం?"

"ఇందులో పది బల్లలేగా. అక్కడ తొమ్మిది కూరలు."

ఆ వారంలోనే ఆయన నాగమణిని పిలిపించి వంటింట్లో కత్తిపీట ముందు కూర్చున్నాడు. బెండకాయలు తరగడం ఆమె దగ్గర నేర్చుకున్నాడు. మొదట్లో ముక్కలు వేలెడంత ఉండేవి.

ఇంటికొచ్చిన ఆరో నెలలో ఎత్తు స్టూలు మీద కూర్చుని నిజమైన పొయ్యి మీద టమాటా పప్పు చేశాను. గరిటె రెండు చేతులతో పట్టుకున్నాను. తిరగమోత వేస్తుంటే కొంత స్టవ్ మీద ఒలికింది. ఉప్పు సరిపోయింది. ఆ రోజు రమ్య కూడా మాతో తింది. ఆట వల్లే చేతులు వచ్చాయని నేనంటే ఒప్పుకోలేదు.

"అలా చెప్పకండి ఆంటీ. నరం బాగుపడటానికి దాని టైమ్ అది తీసుకుంటుంది. బంతి పిసికినా వచ్చేవే. మీరు పిసకలేదు, అంతే తేడా."

ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. కర్రీ పాయింట్ మళ్లీ తెరిచాం. తొమ్మిది కూరలు కాదు, నాలుగు. పొద్దున స్కూలుకు వెళ్లేలోపు కూరగాయలు మా ఆయన తరుగుతాడు. వంట నేను కూర్చుని చేస్తాను, గిన్నెలు నాగమణి దించుతుంది. మధ్యాహ్నం రెండింటికి కట్టేసి పడుకుంటాను. కర్ర లేకుండా నడుస్తాను కానీ పాదాల్లో స్పర్శ పూర్తిగా రాలేదు. మొన్నామధ్య వేడి గంజి పడి బొబ్బ లేస్తే, సాయంత్రం చూసుకునేదాకా తెలియలేదు. అందుకని రోజూ అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. కుడి రెప్ప ఇప్పటికీ ఎడమదానికంటే ఆలస్యంగా మూతపడుతుంది. నవ్వు రెండు వైపులా వచ్చింది.

నాలాగే ఇంటికి వచ్చి మంచం మీదో కుర్చీలోనో ఉన్నవాళ్లకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ ఒక్క మాట. ఫిజియో మొదటిరోజు వచ్చినప్పుడు రిపోర్టుల ఫైలు ఇచ్చి ఊరుకోకండి. ఈ చేతులు జబ్బుకు ముందు ఏం చేసేవో చెప్పండి. మిషను కుట్టేవా, మేకలకు మేత కోసేవా, సుద్దముక్క పట్టేవా, బస్సు తోలేవా. ఆమె అడగకపోయినా మీరే చెప్పండి. మేము మూడు వారాలు ఆలస్యంగా చెప్పాం.