ఎనిమిదో తరగతి పాసైన ఊరు

నాకు డాక్టరేటు వచ్చింది ఒక దండోరా పుణ్యమా అని. ఈ మాట నేను ఏ సెమినార్లోనూ చెప్పలేదు. చెప్పమని అడిగినవాడూ లేడు లెండి.

డెబ్బైల చివరి సంగతి. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డ మనిషి. నేను యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్నాను. ఈ జిల్లా రైతు కుటుంబాల పిల్లలు కాలేజీ చదువుల దాకా ఎందుకు రావడం లేదన్నది నా విషయం. ఆ కుటుంబాల గురించి నాకు తెలిసింది సున్నా. వాళ్ళు గబగబా మాట్లాడితే సగం నాకు అర్థమయ్యేదే కాదు. అయినా మా గైడుగారు ఆ టాపిక్ ఇచ్చారు, నేను గంగిరెద్దులా తలూపాను. తలూపడం రీసెర్చిలో మొదటి పాఠం. రెండోది గైడుగారింటికి గ్యాసు బండ తెచ్చిపెట్టడం.

పెందుర్తి వైపు కొన్ని, తగరపువలస వైపు కొన్ని ఊళ్ళు ఎంచుకున్నాను. సైక్లోస్టైల్ చేయించిన ఫారాలు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరగాలి. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎంతవరకు చదివారు, ఎందుకు మానేశారు, ఇదీ వరస. తగరపువలస దాటి లోపలికెళ్ళే ఒక ఊళ్ళో నా ఓపిక అయిపోయింది. వెళ్ళిన రెండుసార్లూ ఇళ్ళలో మనిషన్నవాడు లేడు, అందరూ చేలల్లోనే. ఎండలో తిరిగి తిరిగి ఒళ్ళు మండి, మునసబుగారింటికెళ్ళి గైడుగారిచ్చిన ఉత్తరం చూపించాను. ఆయన ఉత్తరం కింద వేసిన గుండ్రటి స్టాంపుకేసి చాలాసేపు చూశారు. “దానికేటుంది బాబూ, దండోరా ఏయించీస్తాను” అన్నారు. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది.

డప్పు కొట్టి ఏం చాటారో నేను వినలేదు. అప్పటికే బస్సెక్కేశాను. మర్నాడు పొద్దున్న వెళ్తే ఊరంతా ఇళ్ళలోనే ఉంది. కూర్చోమని మంచాలు వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. అడగడం ఆలస్యం, జవాబులు టకటకా వచ్చేస్తున్నాయి.

“మీ అబ్బాయి ఎంతవరకు చదివాడమ్మా?”

“ఎనిమిది, బాబు.”

పక్కింట్లోనూ ఎనిమిదే. ఆ పై ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఎనిమిదే. ఎందుకు మానేశారంటే అందరిదీ ఒకటే మాట: “ఇట్టం నేక.” ఇష్టం లేకనట. ఒక ఇంట్లో మాత్రం తల్లి ఆ మాట అనగానే, గుమ్మంలో పుస్తకం పెట్టుకుని కూర్చున్న ఎనిమిదో తొమ్మిదో చదివే ఆడపిల్ల తలెత్తి అన్నకేసి చూసింది. అన్న చెల్లికేసి చూశాడు. ఆ పిల్ల తల దించేసుకుంది. అతనికి ఇరవై నాలుగేళ్ళుంటాయి. సిటీలో ఒక పెద్ద కంపెనీలో ఖలాసీనన్నాడు, అంటే బరువులెత్తే చోట తాళ్ళూ గొలుసులూ పట్టే పని. ఏ కంపెనీ అని అడక్కండి, చెప్పను. ఆ అన్నాచెల్లెళ్ళ చూపులు నేను చూశాను. చూసి, ఫారంలో ఎనిమిది అని రాసుకున్నాను.

నాకు సంతోషంతో కాళ్ళు నేలమీద లేవు. ఇంత శుభ్రమైన జవాబులు ఏ ఊళ్ళోనూ దొరకలేదు. ‘ఈ ప్రాంతపు రైతు కుటుంబాలలో ఎనిమిదవ తరగతి దాటిన చదువు పట్ల ఆసక్తి కనిపించదు’ అని నాలుగో అధ్యాయంలో రాశాను. గైడుగారు పక్కన ‘బాగుంది’ అని రాశారు. మూడేళ్ళలో ఆయన నోటి నుంచి గానీ కలం నుంచి గానీ వచ్చిన మంచిమాట అదొక్కటే. ఆ వాక్యమంటే నాకు కన్నబిడ్డంత ముద్దు.

కొన్నాళ్ళకి ఫెలోషిప్ ఆలస్యమైంది. ద్వారకా నగర్‌లో ఏదైనా ట్యుటోరియల్లో సాయంత్రం క్లాసులు దొరుకుతాయేమోనని బయల్దేరాను. ఒక మేడమీద గది ముందు ఆగిపోయాను. లోపల ఇంటర్ పిల్లలకి ఇంటిగ్రేషన్ చెప్తున్నాడు ఆ ఖలాసీ. చేతిలో పుస్తకం లేదు, చీటీ ముక్క కూడా లేదు. బోర్డు నిండా గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నన్ను చూడగానే సుద్దముక్క ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ కదిలింది. లెక్క పూర్తయ్యాకే అతను బయటికొచ్చాడు.

టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. నాకు కోపం ముక్కు మీదుంది. “ఎందుకయ్యా అబద్ధం చెప్పారు నాకు?” అన్నాను.

“మీకు సెప్పనేదు సార్. గవర్నమెంటుకి సెప్పేం” అన్నాడు. “గవర్నమెంటోలొచ్చి ఎవులెంత సదివేరో రాసుకెల్తారు, అందరూ ఇంటికాడుండాలని డప్పేసేరు. ఇంకెవుడు నిజం సెప్తాడు?”

సంగతి ఏమిటంటే, ఖలాసీ, హెల్పరు లాంటి పనులకి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి నుంచి వరసలో పిలుపు రావాలి. అతను చేరిన పనికి ఎనిమిది పాసై ఉండాలి, పది దాటకూడదు. ఎక్కువ చదివినవాడు ఆ పనిలో నిలవడని కంపెనీవాళ్ళ లెక్క. డిగ్రీ చూపించినవాడికి పిలుపెప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆ ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళు ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ చూపించి పేర్లు రాయించుకుని, మిగతావి ట్రంకుపెట్టెల అడుగున దాచేశారు. ఇతను బీయస్సీ లెక్కలు, ఫస్టు క్లాసు.

“ఎమ్మెస్సీ సీటొచ్చింది సార్. అదే నెల్లో మా నాన్న పోయేడు, ఖలాసీకి కాల్ లెటరూ వచ్చింది. నానేటి సెయ్యాల?”

“మీ ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది?”

“మీ కాయితాల్లో ఎనిమిది అనున్నోలందర్నీ మల్లీ అడగండి” అని నవ్వాడు. వెంటనే ఆ నవ్వు పోయింది. “రాయకండి సార్. మా ఊరి పేరు రాసి, ఖలాసీ బీయస్సీ అని రాస్తే అది నానేనని ఎవులికైనా తెలిసిపోద్ది. ఉద్దోగం ఊడబీకేస్తారు. అమ్మా సెల్లీ నా మీదే ఉన్నారు. సెల్లి నాకన్నా బాగా సేస్తాది లెక్కలు. దాన్ని మాత్రం సదివిస్తాను. నాలాగ దాసుకోనక్కర్నేకుండా సదివిస్తాను.”

రాయనన్నాను. ఒట్టు కూడా వేశాను. అతను ఊపిరి పీల్చుకుని, “మంచోడివి బావా” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు కనపడ్డా బావా అనే పిలిచేవాడు.

పేరు చెప్పకుండా గైడుగారికి విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. “ఫారంలో ఏముంది?” అన్నారు. ఎనిమిది అన్నాను. “అయితే ఎనిమిదే” అన్నారు.

నిజం రాయడం, ఉన్నది అలాగే ఉంచేయడం కాక మూడో దారి ఒకటుంది. ఆ ఊరిని థీసిస్ నుంచి తీసేసి, ఆ వాక్యం కొట్టేసి, ఇంకో ఊరు వెతుక్కోవచ్చు. దానికి ఆరు నెలలు పడుతుంది. నా లెక్చరర్ ఇంటర్వ్యూ రెండు నెలల్లో ఉంది. అతన్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకుని థీసిస్ అలాగే ఇచ్చేశాను. అది అబద్ధం. పూర్తిగా అబద్ధం కాదు కూడా, అదే నా ఏడుపు. డాక్టరేటూ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇంట్లో పులిహోర చేశారు.

రెండేళ్ళు తిరక్కుండా ఒక మీటింగుకి పిలుపొచ్చింది. తగరపువలస అవతలి పల్లెల్లో జూనియర్ కాలేజీ పెట్టాలా వద్దా అని. ఆ ఊళ్ళ మీద థీసిస్ రాసినవాణ్ణి కదా, నేను పెద్దమనిషినైపోయాను. ఊరివాళ్ళు పెట్టుకున్న అర్జీ నా ముందుకొచ్చింది. తప్పు పట్టడానికి వీల్లేని ఇంగ్లీషు. ఆ గుండ్రటి అక్షరాలు నేను బోర్డు మీద చూసినవే. కింద మొదటి సంతకం అతనిది, పక్కన చదువు: ఎనిమిది. కాలేజీ అడగడానికి కూడా పాపం ఎనిమిదనే రాసుకోవలసి వచ్చింది.

అధ్యక్షులవారు నా థీసిస్ తెరిచి, నా ముద్దుల వాక్యాన్ని పైకి చదివారు. “ఆసక్తే లేనిచోట కాలేజీ పెట్టి ఎవరికి చెప్తాం? మీరేమంటారండీ?” అన్నారు.

నోరు తెరిస్తే అతని ఉద్యోగం పోతుందనుకున్నాను. నా ఉద్యోగం పోతుందని కూడా అనుకున్నాను. ఏది ముందనుకున్నానని అడిగితే, రెండోదే. “థీసిస్‌లో రాసిందే నా అభిప్రాయం” అన్నాను. కాలేజీ ఇంకో ఊరికి పోయింది.

ఆ వేసవి వెళ్ళాక ఒక మధ్యాహ్నం అతను డిపార్టుమెంటులో నా గదికొచ్చాడు. చేతిలో జీడిపప్పు పొట్లం. “సెల్లి ఇమ్మంది బావా” అని బల్లమీద పెట్టాడు. చెల్లి టెన్త్‌లో స్కూలు ఫస్టొచ్చిందట. కాలేజీకి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. తల్లి ససేమిరా అంది. ఇప్పుడా పిల్ల జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి పనికెళ్తోంది. పిక్కల్లోంచి కారే జీడిరసానికి వేళ్ళు నల్లబడి తోలు ఊడుతోందని, పెన్ను పట్టుకుంటే మండుతోందని చెప్పాడు. బస్సు ఆలస్యమైందన్నంత మామూలుగా చెప్పాడు.

“నీతో ఒక పనుంది బావా. మా ఊరోలకి సదువంటే ఇట్టం నేదని మీటింగులో ఏదో పుస్తకంలోంచి సదివేరట. అక్కడ గుమాస్తా సెప్పేడు. అదెవుడు రాసేడో కనుక్కుంటావా? ఒక్కపాలి ఆడి మొకం సూసి అడగాల.”

తెలీదంటే సరిపోయేది. అప్పటికి నాకు బాగా అలవాటైన పనే అది. ఎందుకో ఆ పూట నోరు తిరగలేదు.

“నేనే రాశాను” అన్నాను.

కాలర్ పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. అతను కాసేపు నా బల్ల వెనకున్న బీరువాకేసి, దాంట్లో వరసగా పేర్చి ఉన్న థీసిస్‌లకేసి చూశాడు. తర్వాత లేచి, కుర్చీ వెనక్కి సర్ది, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మాం సెప్పిందే కదా మీరు రాసేరు, సార్” అన్నాడు.