బస్సు తలుపు ఎటు చూస్తుంది?

లియోనా పెట్రిషిన్ సాస్కటూన్ ఊళ్లో ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపి, నలభై దగ్గర పడ్డాక ఇంజనీరింగులో చేరింది. విద్యుత్ క్షేత్రాల పేపరు ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీ నుంచి పంపేస్తారు. ఆ పేపరులో అర్థం కానివాళ్లకి చెప్పడం నా పని. నాకు ఓపిక తక్కువని అందరికీ తెలుసు. అయినా ఆవిడ నా బల్ల దగ్గరికే వచ్చేది.

ఆవిడ జబ్బు ఒక్కటే. ధన విద్యుదావేశం నిండిన గుండ్రటి తీగ ఇచ్చి, దాని నడిమధ్యకి సరిగ్గా పైన క్షేత్రమెంత అంటే, స్తూపాకార నిరూపకాల్లో పొజిషన్ వెక్టర్ చక్కగా రాస్తుంది. ఆ తర్వాత అందులో "బయటివైపు" అని చూపించే యూనిట్ వెక్టర్‌ని, అంటే దిక్కు చూపే బాణాన్ని, అదేదో మారని అంకె అన్నట్టు, తీగ పొడుగునా కూడే ఇంటిగ్రల్ బయటికి లాగి పడేస్తుంది. దాంతో క్షేత్రం పైకే కాక పక్కకి కూడా మిగులుతుంది.

"పక్కకి అంటే ఎటు తల్లీ?" అన్నాను.

"అదే... పక్కకి."

"తూర్పుకా? మా అత్తగారింటి వైపుకా?"

మళ్లీ కాగితం మీద అదే వరస రాసింది. నాకు ఒళ్లు మండింది.

"స్కూలు ముందు రౌండు తిప్పేటప్పుడు నీ బస్సు తలుపు ఎటుండేది?"

"బయటివైపే. నా కుడి చేతి వైపు."

"ఎప్పుడూ ఒకే వీధిని చూస్తూ ఉండేదా?"

"ఎలా ఉంటుందే! తిరిగేకొద్దీ ఒక్కో వీధి..." టక్కున ఆగింది. "ఓరి దేవుడా! దాన్నా నేను బయటికి లాగుతున్నది?"

"ఆఁ, దాన్నే. పూర్తి చుట్టు తిరిగితే ఎదురెదురు వైపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పక్కకి ఏమీ మిగలదు."

పరీక్ష రోజు హాలు బయట కాచుకుని ఉన్నాను. లియోనా బయటికొచ్చింది. వెనకే ఇద్దరు కుర్రాళ్లు, "పక్కకి సున్నా! ఎంత తేలికో!" అనుకుంటూ పోయారు. ఆవిడ మొహం పాలిపోయింది.

"నాకు పక్కకి మిగిలింది. మళ్లీ అదే చేశానే," అంది.

ఆవిడ చేతిలోని ప్రశ్నపత్రం లాక్కుని చదివాను. తీగ పూర్తి చుట్టు కాదు, సగమే. అంటే కొట్టెయ్యడానికి ఎదురు వైపే లేదు.

"ఎటు మిగిలింది?" అన్నాను.

కళ్లు మూసుకుని, చేతులతో లేని స్టీరింగు సగం తిప్పింది. తర్వాత తడుముకోకుండా చెయ్యి చాపింది.

"ఇటు. తీగ లేని వైపుకి."

హమ్మయ్య అనుకుని, మందపాటి కోటుతో సహా ఆవిణ్ణి వాటేసుకున్నాను.